క్షమించాను అన్నాను, కానీ ఆమె కష్టం విని కడుపు చల్లబడింది

వెనకబెంచీ
మా చర్చి సంఘంలో అడగలేని ప్రశ్న ఇది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

రెండేళ్ల క్రితం మా అబ్బాయి తాగుడుకు అలవాటు పడ్డాడు. చికిత్సకు పంపాం. ఆ సంగతి ఇంటి గడప దాటి నేను చెప్పింది ఒక్కరికే. స్త్రీల కూటంలో నా పక్కన కూర్చునే అక్కకు. పన్నెండేళ్ల స్నేహం మాది. "నాలోనే ఉంటుంది, నీ కోసం మోకాళ్ల మీద ఉంటాను" అంది. ఆ వారం కూటంలో అందరూ కళ్లు మూసుకున్నాక ఆమె గొంతెత్తి ప్రార్థించింది. "ప్రభువా, మా చెల్లెలి కొడుకును తాగుడు బంధకాల నుంచి విడిపించు" అని. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేదు, ఆమె చెయ్యి నా భుజం మీదే ఉంది.

కళ్లు తెరిచేసరికి పదిహేను మంది నన్నే చూస్తున్నారు. వారం తిరక్కుండా మాట మా అబ్బాయి దాకా పోయింది. చికిత్స మధ్యలో వదిలేసి వచ్చేశాడు. మళ్లీ వెళ్లడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అడిగితే "ప్రార్థన చేయడం కూడా తప్పేనా" అంది. పాస్టరు గారు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. నేను "క్షమించాను" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. చేతులు కలిపించి ప్రార్థన చేసి పంపేశారు.

పోయిన వారం ఆమె భర్తకు పక్షవాతం వచ్చింది. ఆ మాట విన్న మొదటి క్షణంలో నాకు జాలి కలగలేదు. కడుపు చల్లబడింది. "ఇప్పుడు తెలుస్తుందిలే" అని లోపల ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే. అప్పటి నుంచి పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరకు వచ్చేసరికి గొంతు ఆగిపోతోంది. పక్కవాళ్లు ముందుకు వెళ్లిపోతారు, నేను "ఆమేన్" దగ్గర కలుసుకుంటాను.

నేను క్షమించినట్టా, కాదా?

ఆవగింజ
సిస్టర్, మత్తయి 6:15 చదవండి. మనం క్షమించకపోతే తండ్రి మన అపరాధాలు క్షమించడు. ఎఫెసీ 4:32, కొలొస్స 3:13 కూడా చూడండి. ఆలస్యం చేయకండి. మీ కోసం ప్రార్థిస్తున్నాం.

కంచరివాడు
ఆవగింజ గారూ, ఆమె గొంతు ఆగిపోతున్నది ఆ వాక్యం తెలియకనా? తెలిసే కదా. కాలు విరిగినవాడి దగ్గర కూర్చుని నడక మీద ప్రసంగం చేసినట్టుంది.

నోవాఓడలోపిల్లి
ఈ ప్రశ్న కింద "ప్రార్థిస్తున్నాం" అని రాయడానికి గుండె ధైర్యం కావాలి బ్రదర్. కనీసం కళ్లు మూసుకుని లోపల చేయండి.

ఆవగింజ
నవ్వుకోండి. వాక్యం వాక్యమే.

మూయనితలుపు
వెనకబెంచీ అక్కా, ముందు ఒక మాట. ఆ గదిలో జరిగింది క్షమాపణ కాదు, చేతులు కలిపించడం. ఆమె తప్పు ఒప్పుకోలేదు, మీ కొడుకు పడిన ఎనిమిది నెలల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాటా మాటా వచ్చిందన్నట్టు తేల్చేశారు. గాయం కడగకుండా కట్టు కట్టారు. ఇప్పుడు కట్టు విప్పితే చీము కనిపించింది. దానికి మీరు ఆశ్చర్యపోవడమే నాకు ఆశ్చర్యంగా ఉంది.

లెక్కలమాష్టారు
మత్తయి 18లోని క్షమించని దాసుని ఉపమానం ఇక్కడ ఎలాగూ ఎవరో ఒకరు తెస్తారు. నేనే ముందు తెస్తాను, ఎందుకంటే అందులో లెక్క ఉంది. రాజు ఒక దాసుడి అప్పు మాఫీ చేస్తాడు, ఆ దాసుడు మాత్రం తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి వదలడు. ఇరవై ఆరేళ్లు బడిలో చెప్పింది లెక్కలే.

దేనారము ఒక రోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని మాట్లాడుకున్నది అదే. తలాంతు సుమారు 6,000 దేనారములు. మొదటి దాసుడు బాకీ పడింది 10,000 తలాంతులు, అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. అతను రాజు కాళ్ల మీద పడి "నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అంటాడు. ఏ లెక్క ప్రకారం చెల్లిస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను చెప్పదలచుకున్నది రెండో అప్పు గురించి. 100 దేనారములు. ప్రసంగాల్లో దాన్ని చిల్లర డబ్బు అన్నట్టు చెబుతారు. కాదు. 100 రోజుల కూలి. రోజు కూలి మీద బతికేవాడికి మూడు నెలల పైచిలుకు కూలి పోతే ఇల్లు నడవదు. యేసు కావాలంటే "ఒక కాసు" అని చెప్పి ఉండవచ్చు. అలా చెప్పలేదు. నిజంగా బాధించే మొత్తమే చెప్పాడు. కాబట్టి మీకు జరిగింది చిన్న విషయం అని ఎవరైనా అంటే వాళ్లకు ఉపమానమూ రాదు, లెక్కలూ రావు. మీకు 100 దేనారములు రావాలి. అది ఖాతాలో ఉన్న మాట నిజం. మాఫీ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

వెనకబెంచీ
మాష్టారూ, రెండేళ్లలో నా అప్పు ఎంతో లెక్క కట్టినవాళ్లు మీరొక్కరే. అందరూ కొట్టేయమన్నవాళ్లే. ఫోను పక్కన పెట్టి కాసేపు ఏడ్చి వచ్చాను.

సీయోనుపాట
మాష్టారూ, లెక్కల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఎన్నిసార్లు క్షమించాలని అడిగితే యేసు చెప్పిన "డెబ్బది ఏళ్ల మారులు" అంటే డెబ్బై సంవత్సరాలు అనుకునేదాన్ని చిన్నప్పుడు. మా తమ్ముణ్ణి డెబ్బై ఏళ్లపాటు భరించాలన్నమాట అని లెక్క వేసుకున్నాను. ఒక్కదాన్నేనా?

నోవాఓడలోపిల్లి
ఒక్కరే కాదు. నేను పెళ్లయ్యాక కూడా అలాగే అనుకున్నాను.

లెక్కలమాష్టారు
అది ఎక్కంలో ఏళ్లు. "ఏడేళ్లు నలభై తొమ్మిది" అంటాం చూడండి, అది. డెబ్బది ఏళ్లు 490. ఆదికాండము 4లో లెమెకు అనేవాడు తన పగ డెబ్బది యేడంతలు అని భార్యల ముందు గొప్ప చెప్పుకుంటాడు. అక్కడ పగకు వాడిన లెక్కను యేసు ఇక్కడ క్షమకు వాడాడని పెద్దలు అంటారు. 491వ సారి కొట్టవచ్చా అని ప్రతి సంవత్సరం ఒక పిల్లవాడు అడుగుతాడు. ఒప్పుకోవాలి, మంచి ప్రశ్నే.

కంచరివాడు
అసలు ప్రశ్నకు వద్దాం. లూకా 17:3 ఎవరూ తీయడం లేదు. "నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము, అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము." పొందినయెడల. షరతు ఉంది. దేవుడు కూడా మారుమనస్సు లేకుండా పాపక్షమాపణ ఇస్తానని ఎక్కడా అనలేదు. మనం దేవుడి కంటే ఉదారులమా? ఆమె అడగలేదు, ఈమె ఇవ్వనవసరం లేదు.

ఆవగింజ
లూకా 23:34, సిలువ మీద యేసు అన్న మాట. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." మేకులు కొట్టినవాళ్లు మారుమనస్సు పొందారా?

కంచరివాడు
అక్కడ ఆయన "నేను మిమ్మల్ని క్షమించాను" అని వాళ్లతో అనలేదు. తండ్రిని అడిగాడు. రెండూ ఒకటి కాదు.

ఆవగింజ
అది వెంట్రుకను చీల్చడం.

కంచరివాడు
వాక్యం వాక్యమే అన్నది ఎవరో?

పాతకాపరి
ఇద్దరూ కాస్త ఆగండి. నలభై ఏళ్లు సంఘాలు కాచి ఈ మధ్యే బాధ్యతలు దించుకున్నాను. వెనకబెంచీ అమ్మా, మీ పాస్టరు గారు చేసినట్టే నేనూ చేశాను, చాలాసార్లు. ఆదివారం లోపల గొడవ సద్దుమణగాలి, ఇద్దరూ ప్రభురాత్రి భోజనపు బల్లలో చెయ్యి వేయాలి. అదే నా తొందర. వాళ్లలో ఎంతమంది మీలా ఇంటికి వెళ్లి గొంతు పట్టేసినట్టు కూర్చున్నారో నాకు తెలియదు. ఎవరూ వచ్చి చెప్పలేదు, చెప్పే వీలు నేను ఇవ్వలేదు.

వాక్యం సంగతి. లూకా 17 ఇద్దరు మనుషుల మధ్య దారి గురించి చెబుతుంది. గద్దింపు ఉండాలి, ఒప్పుకోలు ఉండాలి, అప్పుడు సమాధానం. కంచరివాడు గారు చెప్పింది అంతవరకు సరే. కానీ మార్కు 11:25 కూడా ఉంది: "మీకు ఒకనిమీద విరోధమేమైనను కలిగియున్నయెడల, మీరు నిలువబడి ప్రార్థన చేయునప్పుడెల్లను వానిని క్షమించుడి." ఇక్కడ ఆ మనిషి ఎదురుగా లేడు. అడిగాడా లేదా అన్న ప్రస్తావనే లేదు. మీరూ దేవుడూ మాత్రమే ఉన్నారు. కాబట్టి అప్పు పత్రాన్ని దేవుడి చేతిలో పెట్టేయడం ఒకటి, అప్పు పడినవాడితో మళ్లీ కలిసి నడవడం ఇంకొకటి. మొదటిది మీ ఒక్కరితో అవుతుంది. రెండోదానికి ఇద్దరు కావాలి. పౌలు కూడా రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అన్నాడు. ఆ "శక్యమైతే" అనే మాటను నేను చాలాకాలం ప్రసంగాల్లో మింగేశాను.

కడుపు చల్లబడడం గురించి సామెతలు 24:17 ఉంది, "నీ శత్రువు పడినప్పుడు సంతోషించకుము." ఆ మాట రాయవలసి వచ్చిందంటే అలా సంతోషించేవాళ్లు అప్పుడూ ఉన్నట్టే కదా. 35వ కీర్తన మొత్తం ఒకసారి చదవండి. దావీదు తన శత్రువులు సిగ్గుపడాలని, గాలికి ఎగిరే పొట్టులా పోవాలని అడుగుతాడు. అదే కీర్తనలో, వాళ్లు వ్యాధితో ఉన్నప్పుడు గోనెపట్ట కట్టుకున్నాను, ఉపవాసం ఉన్నాను అంటాడు. రెండూ ఒకే నోట. ఒకటి చెరిపి ఇంకొకటి రాయలేదు.

వెనకబెంచీ
అయ్యగారూ, మీరు "నేనూ చేశాను" అన్న మాట నాకు మిగతా అన్నిటి కంటే ఎక్కువ పనిచేసింది. 35వ కీర్తన తీసి పెట్టుకున్నాను. గోనెపట్ట దాకా ఇంకా రాలేదు, పొట్టు దగ్గరే ఉన్నాను.

సీయోనుపాట
పొట్టు దగ్గర చాలామందిమి ఉన్నాం అక్కా, కాస్త జరగండి.

మూయనితలుపు
అయ్యగారు చెప్పిన రెండు ముక్కలకు నా బతుకు సాక్ష్యం. నా భర్త చెయ్యి చేసుకునేవాడు. మూడుసార్లు "క్షమించి వెళ్లు" అని నన్ను వెనక్కి పంపారు. మూడోసారి ముంజేయి విరిగింది. ఆ తర్వాత వెళ్లలేదు. కేసు పెట్టాను. ఏడేళ్లయింది. ఇప్పుడు అతని మీద పగ లేదు, నిజం. అతని తల్లి చనిపోతే ఏడ్చాను కూడా. కానీ అతనికి నా చిరునామా తెలియదు, తెలియనివ్వను. ఇందులో నాకు ఏ పేచీ కనిపించదు.

యోసేపును చూడండి. పదిహేడేళ్ల వాణ్ణి అన్నలే బానిసగా అమ్మేశారు, ఐగుప్తులో అధికారి అయ్యాక వాళ్లు ఎదుటకు వచ్చేసరికి సుమారు ముప్పై తొమ్మిదేళ్లు ఉంటాయి. 22 ఏళ్లు. చూసిన వెంటనే కౌగిలించుకున్నాడా? అన్న షిమ్యోనును బంధించి ఉంచాడు, తమ్ముడు బెన్యామీనును తెమ్మన్నాడు, అతని మూటలో గిన్నె దాచి పరీక్షించాడు. మధ్యలో రెండుసార్లు చాటుకు వెళ్లి ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చాడు. కన్నీళ్లు ముందే వచ్చాయి, నమ్మకం మాత్రం అన్న యూదా ఆ తమ్ముడి బదులు తాను బానిసగా ఉంటానన్నాక వచ్చింది.

ఆవగింజ
మీ బాధకు చింతిస్తున్నాను సిస్టర్. కానీ 1 కొరింథీ 6లో విశ్వాసులు న్యాయస్థానానికి వెళ్లకూడదని ఉంది కదా. క్షమించినవారు కేసు ఎలా నడుపుతారు?

మూయనితలుపు
అక్కడ పౌలు మాట్లాడింది ఆస్తుల తగాదాల గురించి. చెయ్యి విరగ్గొట్టడం గురించి కాదు. చెడు చేసేవాణ్ణి శిక్షించడానికే అధికారులు ఉన్నారని రోమా 13లో ఆయనే రాశాడు.

గ్లాడిస్ స్టెయిన్స్ గారిని గుర్తు చేసుకోండి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ అయిన ఆమె భర్తను, ఇద్దరు చిన్న కొడుకులను వాహనంలోనే సజీవదహనం చేశారు. చేసినవాళ్లను క్షమించానని ఆమె బాహాటంగా చెప్పారు. తర్వాత ఏళ్ల తరబడి అక్కడే కుష్ఠురోగుల సేవలో ఉన్నారు. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమ అబద్ధమా?

కంచరివాడు
ఇంకొకటి నా వంతు. పోపు రెండో జాన్ పాల్ తనను 1981లో కాల్చినవాడి దగ్గరకు 1983లో జైలుకు వెళ్లి, పక్కన కుర్చీ వేసుకుని మాట్లాడాడు. క్షమించానని అంతకు ముందే చెప్పాడు. ఆ మనిషి ఇటలీ జైలు నుంచి బయటపడింది 2000లో. క్షమ వెంటనే వచ్చింది, తాళం చెవి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆవగింజ
సరే. ఇది నేను అలా ఆలోచించలేదు. మూయనితలుపు గారూ, ఆ ప్రశ్న అడిగిన తీరుకు క్షమించండి.

నోవాఓడలోపిల్లి
చూశారా కంచరివాడు గారూ, మారుమనస్సు పొందాడు. ఇక మీ షరతు ప్రకారం తప్పించుకోలేరు.

మూయనితలుపు
క్షమించాను ఆవగింజ గారూ. చిరునామా మాత్రం ఇవ్వను.

నిశ్శబ్దప్రార్థన
రాయాలా వద్దా అని రెండు రోజులుగా చూస్తున్నాను. నేను ఆ అక్కలాంటిదాన్నే.

మా కూటంలో ఒక చెల్లి తనకు రెండోసారి గర్భం నిలవలేదని నాతో మాత్రమే చెప్పింది. నేను ప్రార్థనాంశంగా ముగ్గురికి చెప్పాను. ముగ్గురికే. ఆ ముగ్గురిలో ఒకరు ఆమె అత్తగారి స్నేహితురాలు.

ఎందుకు చెప్పానని నాలుగేళ్లుగా అడుక్కుంటున్నాను. ప్రార్థన కోసం అని మొదటి ఏడాది అనుకున్నాను. అది నిజం కాదు. ఒకరి రహస్యం మోయడం బరువు, అది ఒకటి. ఆ రహస్యం నాకే చెప్పిందని నలుగురికీ తెలియాలి, అది రెండోది. ప్రార్థన అనే మాట ఈ రెండు పనులకూ భలే పనికొస్తుంది. ఎవరూ తప్పు పట్టరు.

క్షమాపణ ఎందుకు అడగలేదంటే, అడిగితే ఆ ప్రార్థన ప్రార్థన కాదని ఒప్పుకున్నట్టు అవుతుంది. నా మోకాళ్లు మొత్తం అబద్ధం అయిపోతాయనే భయం. వెనకబెంచీ గారూ, మీ అక్క వైపు వాదించడానికి కాదు ఇది. "ప్రార్థన చేయడం కూడా తప్పేనా" అన్న మాట నేను అక్షరం పొల్లు పోకుండా అన్నాను. ఆ మాట అనేటప్పుడు కడుపులో ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు. తప్పు తెలియని మనిషి ఆ మాట అనదు.

వెనకబెంచీ
మీరు రాసింది చదివి కోపం వచ్చింది. మీ మీదో ఆమె మీదో తెలియదు. ఇప్పుడేమీ రాయలేను.

కంచరివాడు
నిశ్శబ్దప్రార్థన గారూ, ఇక్కడ రాసినంత ఆ చెల్లెలికి రాశారా? మత్తయి 5:23 మీకోసమే. అర్పణ తెచ్చినప్పుడు నీకు ఎవరి మీద కోపం ఉందో కాదు, "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను" ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్లమన్నాడు. నడవవలసింది తప్పు చేసినవాళ్లు.

నిశ్శబ్దప్రార్థన
రాయలేదు.

మధ్యవర్తి
ఊళ్లు, సంఘాల పేర్లు, గుర్తుపట్టే వివరాలు రాయవద్దని మనవి. ఇప్పటివరకు అందరూ పాటించారు, అలాగే సాగనివ్వండి. 490 లెక్క గురించిన హాస్యం మాత్రం ఇక చాలు, పదకొండు వ్యాఖ్యలు తొలగించాను.

వార్డుడ్యూటీ
నేను నర్సును. పదిహేడేళ్లలో ఎక్కువ భాగం పక్షవాతం రోగుల దగ్గరే పనిచేశాను. వాక్యాలు మీ అందరికీ తెలిసినంత తెలియవు. ఆ మంచం పక్కన ఏం జరుగుతుందో చెబుతాను.

మాట పోయిన మనిషి నోట్లోంచి ఒక శబ్దం వస్తుంది. భార్య వంగి "నీళ్లా?" అంటుంది. కాదు. "దుప్పటా?" కాదు. "దిండు పైకి జరపనా? ఫ్యాను తగ్గించనా?" ఆయన కళ్లలో కోపం వస్తుంది, చెప్పలేక. ఆమె తెలిసినవన్నీ అడిగేసి మళ్లీ "నీళ్లా?" దగ్గర మొదలుపెడుతుంది. రాత్రి రెండింటికి కూడా అదే. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఏం కావాలో ఊహించలేకపోతున్నానే అని నా దగ్గర ఏడ్చిన ఆడవాళ్లు ఉన్నారు. చూడటానికి వచ్చేవాళ్లేమో "దేవుడి చిత్తం" అంటారు, "ఏదైనా కావాలంటే ఫోను చేయండి" అంటారు. ఫోను చేసే ఓపిక ఎవరికి ఉంటుంది?

వెనకబెంచీ గారూ, వెళ్లమని నేను చెప్పను. వెళ్తే మాత్రం రాజీ పడటానికి వెళ్లకండి. అది ఆమెకు ఇంకో బరువు. ఊరికే ఒక గంట ఆ కుర్చీలో కూర్చుంటే, ఆమె ముఖం కడుక్కుని వస్తుంది.

పాతకాపరి
అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచిపని అదే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా నేల మీద కూర్చున్నారు. తర్వాత నోరు తెరిచారు, అక్కడి నుంచి చెడింది.

హెబ్రీ 4:15లో మన ప్రధానయాజకుడు, అంటే యేసు, "మనతో సహానుభవము లేనివాడు కాడు" అని ఉంది. సానుభూతి అనలేదు, సహానుభవము అన్నారు మన అనువాదకులు. జాలి గట్టు మీద నిలబడి కూడా పడవచ్చు. సహానుభవానికి నీళ్లలో దిగాలి. ఇంత చక్కని మాట మన బైబిల్లో ఉండి మనం వాడకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

రెండోమైలు
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. ఎవరెట్ వర్తింగ్టన్ అని అమెరికాలో ఒక మనస్తత్వవేత్త ఉన్నారు, విశ్వాసి. క్షమ మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేసినవారు. 1996 కొత్త సంవత్సరం వేళ ఆయన తల్లి ఇంట్లోనే హత్యకు గురైంది. తాను రాసిందంతా తన మీదే పరీక్షించుకోవలసి వచ్చింది.

ఆయన క్షమను రెండుగా చూస్తారు. ఒకటి నిర్ణయం: పగ తీర్చుకోను, ఈ మనిషితో మనిషిలా నడుచుకుంటాను అని. రెండోది లోపలి భావం మారడం. మొదటిది ఒక్క రోజులో జరగవచ్చు, రెండోది దాని దారిన అది వస్తుంది. వెనకబెంచీ గారూ, పాస్టరు గారి గదిలో మీరు తీసుకున్నది బహుశా మొదటిది. కడుపు చల్లబడటం అంటే రెండోది ఇంకా రాలేదనే, మొదటిది అబద్ధమని కాదు.

ఆయన చెప్పే మెట్లలో మొదటిది జరిగిన గాయాన్ని ఉన్నదున్నట్టు గుర్తు చేసుకోవడం. ఎదుటి మనిషి వైపు నుంచి చూడడం రెండోది. ఆ రెండూ దాటేసి, క్షమను కానుకగా ఇచ్చే మూడో మెట్టు మీద కాలు వేయమనే మనం అందరికీ చెబుతున్నాం.

కంచరివాడు
ఎదుటి మనిషి వైపు నుంచి చూస్తూ పోతే ప్రతి తప్పుకూ ఒక సాకు దొరుకుతుంది. ఆమెకు రహస్యం బరువు, ఈయనకు బాల్యం బరువు. ఇక తప్పు చేసింది ఎవరు?

రెండోమైలు
సాకు ఉన్నచోట క్షమ అక్కరలేదు కంచరివాడు గారూ. సాకులన్నీ తీసేసినా ఇంకా తప్పు మిగిలితే, ఆ మిగిలినదానికే క్షమ. ఎదుటివైపు నుంచి చూడటం ఆ మిగిలింది ఎంతో తెలుసుకోవడానికి. మాష్టారి భాషలో, 100 దేనారములా, 80 దేనారములా అని.

లెక్కలమాష్టారు
తీసివేతలు సరిగ్గా చేయాలి మరి. సున్నా దాకా తీసేయకూడదు.

నిశ్శబ్దప్రార్థన
రాశాను. నిన్న రాత్రి. "నేను ప్రార్థన కోసం చెప్పలేదు, చెప్పాలనిపించి చెప్పాను" అని మొదలుపెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మూయనితలుపు
జవాబు రావాలని లేదు. ఆమెకు మీరు అప్పు, ఆమె మీకు కాదు. ఇంకో సందేశం పంపి తొందరపెట్టకండి.

నిశ్శబ్దప్రార్థన
పంపను. టిక్కులు మాత్రం చూస్తూ ఉంటాను, అది ఆపలేను.

వెనకబెంచీ
ఐదు రోజుల తర్వాత వచ్చాను. చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నాను.

వెళ్లాను. క్షమ వచ్చి కాదు. నర్సమ్మ గారు రాసిన "నీళ్లా, దుప్పటా" నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు. మా అబ్బాయి మొదటి రోజుల్లో నేనూ అలాగే అడిగేదాన్ని, "తలనొప్పా? నిద్ర రావడం లేదా?" అని, అసలు మాట తప్ప అన్నీ.

గుమ్మం దగ్గర నన్ను చూసి ఆమె లేచి నిలబడింది. భయపడింది, నాకు తెలిసింది. నేను దెప్పడానికి వచ్చాననుకుంది. నిజం చెప్పాలంటే బస్సు దిగేవరకు నాకూ ఆ ఆలోచన ఉంది. చెప్పు ఒకటి ఒక రకం, ఇంకొకటి ఇంకో రకం వేసుకుని ఉంది. ఆ చెప్పుల వైపు చూశాక నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి.

"నువ్వు వెళ్లి ముఖం కడుక్కుని రా అక్కా, నేను ఉంటాను" అన్నాను. ఆమె వెళ్లింది. నలభై నిమిషాలు రాలేదు. ఆయన ఏదో శబ్దం చేశారు. "నీళ్లా?" అన్నాను. కాదు. మూడోసారికి అర్థమైంది, కిటికీ తెర. ఎండ కంట్లో పడుతోంది.

ఆమె తిరిగి వచ్చాక మేము ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఫోనులో ఛార్జింగు లేదని అటూ ఇటూ వెతుకుతుంటే నా ఛార్జరు ఇచ్చాను. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేయబోయి ఆపేసుకుంది. ఆ చెయ్యి గాల్లో అలా కాసేపు ఉండి వెనక్కి పోయింది. ఆమె మరిచిపోలేదు. అది చూశాను.

నిశ్శబ్దప్రార్థన గారూ, మీ మీద ఇప్పుడు కోపం లేదు. ఆ రోజు ఉంది.

ఆవగింజ
సిస్టర్, ఈసారి వాక్యం ఏమీ పంపడం లేదు.

వార్డుడ్యూటీ
కిటికీ తెర. మాకు కూడా అది తట్టడానికి వారం పడుతుంది.

కంచరివాడు
ఆమె ఇంకా అడగలేదు. నేను నా మాట మీదే ఉన్నాను. కానీ వెళ్లినందుకు సంతోషం.

సీయోనుపాట
పరలోక ప్రార్థన ఎక్కడిదాకా వచ్చింది అక్కా?

వెనకబెంచీ
నిన్న "మా ఋణస్థులను" వరకు పైకే అన్నాను. "క్షమించియున్న" దగ్గర గొంతు తగ్గింది, ఆగలేదు.

నోవాఓడలోపిల్లి
అన్నీ సరే, ఆ ఛార్జరు సంగతి తేల్చండి. అది 100 దేనారములలో కలుపుతారా, వేరే ఖాతానా?

లెక్కలమాష్టారు
వేరే ఖాతా. పాత బాకీ తేలకుండా కొత్త బాకీ కలిపితే లెక్క చెడుతుంది.

వెనకబెంచీ
తిరిగి అడగను. కొత్తది కొనుక్కున్నాను. దాని మీద నా పేరు రాసి పెట్టాను.